ఫిట్టయినందుకు దావత్

మా కాలనీల మనిషి పనికిరాకుంట పోతె దావత్ ఇస్తరు. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. మెడికల్ బోర్డుకు వోయి, ఈ మనిషి ఇగ డ్యూటీ చెయ్యలేడని డాక్టర్లతోని రాయించుకొని వస్తె, ఆ నౌకరి కొడుక్కో అల్లునికో వస్తది. దాన్నే మేము అన్‌ఫిట్ అయిండంటం. కొమురయ్య బావ షుగరుతోని అన్‌ఫిట్ అయిన నాడు మా క్వార్టర్ల లైన్ల యాటలు తెగినయ్, గంజు నిండ గులాబ్‌జాములు చేసి పంచిండ్రు. షుగరాయన ఇంట్ల గులాబ్‌జాములు! బావ సుత తిన్నడు. నేనైతె ఆయన కంటె ఎక్కువనే తిన్న. నాకు సుత షుగరున్న ముచ్చట అప్పటికి నాకే తెల్వది.

నా పేరు లక్ష్మి. గోదావరిఖని కాలనీల అందరు లచ్చక్క అంటరు. మా ఆయన బొగ్గు బాయిల పనిచేస్తుండె. కప్పు కూలి మీద పడి పోయిండు. ఆయన నౌకరి నాకిచ్చిండ్రు. బెల్టు మీద బొగ్గు పోతాంటె అండ్లకెల్లి రాళ్ళేరే పని. ఏడో తరగతి దాంక చదివిన, రాత వంకర గని రాస్త. నా కాలు నాకు దక్కింది, నా నౌకరి నాకు దక్కింది. ఆ తండ్లాట ఇంకొకలకు పనికొస్తదని ఇది రాస్తున్న. పనికిరాదంటరా, నా మనసు నిమ్మలమయితది, అది చాలు.

రెండువేల పది, ఎండకాలం

మా బొగ్గుకు ఓ గుణమున్నది. శాన దినాలు కుప్పవడి ఉంటె తనంత తనే అంటుకుంటది. ఆ పొద్దు ఫస్ట్ షిఫ్టుల నేను, శంకరమ్మ పక్కపక్కన నిలవడి రాళ్ళేరుతున్నం. "లచ్చక్కా, ఏందో కాలిన వాసనొస్తాంది" అన్నది. నాకు సుత వచ్చింది. ఇద్దరం బెల్టు చూసినం, మోటరు చూసినం. ఆఖరికి చూస్తె అది నా చెప్పు. నిప్పుకణిక చెప్పు అడుగు కరిగిచ్చుకుంట కాల్లకు దిగి ఉన్నది. శంకరమ్మ కెవ్వుమన్నది. నేనైతె ఊకె చూసుకుంట నిలవడ్డ. నా కాలు కాలుతాంటె నాకు తెల్వలే. నొప్పి కంటె నొప్పి లేకపోవుడే ఎక్కువ బుగులువెట్టింది.

దవాఖానల బల్ల మీద మస్తుసేపు కూసోవెట్టిండ్రు. రక్తం తీసుకపోయి మల్ల వచ్చిన సిస్టరమ్మ నా మొఖం దిక్కు చూసి, "అక్కా, ఏం నములుతున్నవ్?" అన్నది.

"బెల్లం."

"బెల్లమా! నీకు షుగర్ ఎంతున్నదో ఎరుకేనా?"

"బెల్లం తీపి కాదమ్మా, దుమ్ముకు మందు" అన్న.

నా పక్కకు కూసున్న ముసలాయన గూడ "ఔనమ్మా, బెల్లం తినకపోతె గొంతుల దుమ్ము ఎట్ల దిగుతది?" అని జేబులకెల్లి తన ముక్క తీసి చూపిండు. ఆయన సుత షుగరు చూపించుకోనికే వచ్చిండు. మా బాయిలల్ల అందరిది ఇదే కథ. డ్యూటీ దిగంగనే ఇంత బెల్లం నోట్ల ఏసుకుంటె బొగ్గు దుమ్ము కడుపులకెల్లి కొట్టుకపోతదని మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్ళ మామ చెప్పిండు. నేనైతె డ్యూటీల సుత కొంగుకు ముడేసుకొని తిరిగేదాన్ని. చాయ్‌ల చక్కెర తక్కువేసుకొని, నేను తీపే తిననని అందరితోని గొప్పగ చెప్పేదాన్ని. డాక్టరు సారు ఇన్నడు, నవ్విండు. "లక్ష్మమ్మా, దుమ్ము యాడికి పోతదో గని బెల్లం మాత్రం సీద నెత్తురులకే పోతది" అన్నడు.

కాలుకు పట్టి కట్టే అర్ర ముందట వరుసల కొమురయ్య బావ కనవడ్డడు. దావత్ ఇచ్చి ఏడాది గూడ తిరుగలే, ఆయన కాలు వేళ్ళు తీసేసిండ్రు. "డ్యూటీ ఉన్నప్పుడు బాయి దాంక నడిసేది లచ్చిమీ. ఇంట్ల కూసున్నంక మంచం, టీవీ, చాయ్. గంతే" అన్నడు. ఆయన కాలు చూసుకుంట నేను నా కాలు చీరె కిందికి గుంజుకున్న.

దవాఖానల మంచమిచ్చిండ్రు, పొద్దుమీకి నా తమ్ముడు తిరుపతి వచ్చిండు. ఆడు సుత బాయిలనే పని, లీడర్ల ఎన్క తిరుగుతడు. కాలు చూసిండు, అయ్యో అన్నడు, కండ్లల్ల నీళ్ళు గూడ తెచ్చుకున్నడు. అబద్ధమెందుకు, ఆ నీళ్ళు నిజమే. ఎంబటే స్టూలు దగ్గరికి జరుపుకొని, "అక్కా, దేవుడే తొవ్వ చూపిండు" అన్నడు.

"ఏం తొవ్వరా?"

"బోర్డుకు పోతె నువ్వు అన్‌ఫిట్. రమేష్‌గానికి నౌకరి. ఆ మంచిర్యాలోళ్ళు సుత పిల్లనిస్తరు."

రమేష్ నా కొడుకు. ఒక్కడే. మంచిర్యాల రోడ్డు మీద ఆటో నడుపుతుండె. ఓ పిల్ల నచ్చింది. కంపెనీ నౌకరి ఉంటె చూద్దామన్నరు వాళ్ళోళ్ళు. రమేష్ మంచం కోడు పట్టుకొని నిలవడి, "అమ్మా, నువ్వు ఇంట్ల కూసోని తిను. నేను చూసుకుంట గద" అన్నడు. ప్రేమతోనే అన్నడు. గదే ఇంక గట్టిగ తగిలింది నాకు.

ఎందుకంటరా? మా ఆయన పోయినంక నౌకరి కాయిదం నా చేతిల వెట్టుకుంట మావోళ్ళన్న మాట ఇప్పటికి యాదికున్నది. "పిలగాడు పెద్దగయ్యేదాంక నువ్వు చెయ్." అంటె నేనేంది? బస్సు సీటు మీద ఏసిన తువ్వాలను. జాగ ఆపేతందుకు ఏస్తరు, మనిషి రాంగనే తీసి దులుపుతరు. గని ఇన్నేండ్లు ఆ బెల్టు కాడ నిలవడ్డది నేను. నైటు డ్యూటీలు చేసింది నేను, పండుగ పూట బొగ్గు మొఖంతోని ఇల్లు చేరింది నేను. తువ్వాల ఎప్పుడో మనిషయింది, ఒక్కలు సుత చూడలే. "నేను అన్‌ఫిట్ కాను" అన్న. తిరుపతి నవ్విండు. జొరమొచ్చి ఏందో అంటాందనుకున్నడు.

ఆ యేడు వానకాలం

పుండు మానుడు నిమ్మలంగ మానింది. దవాఖానల కాళ్ళు చేతులు ఆడిపిచ్చే ఫిజియో మేడం ఒకామె ఉండె. విజయవాడ దిక్కామె. సన్నగ, ఎప్పుడు పరేషాన్‌గ ఉండేది. డాక్టరు సారు గోలీలు రాసి ఆమె తానికి పంపిండు.

"లక్ష్మిగారూ, పుండు మానేదాకా ఆ కాలి మీద బరువు వెయ్యొద్దు. కుర్చీలో కూర్చుని చేతులతో మొదలుపెడదాం. ఆ తరవాత రోజూ నడవాలి."

"యాడ నడువాలె మేడం? పొద్దుగాల లేస్తె బొగ్గు లారీలు, మాపటికి కుక్కలు. కాల్ల ఏం గుచ్చుకున్నా నాకు తెల్వదాయె."

ఆమె సోంచాయించింది. "సరే, ఇంట్లోనే చేద్దాం. ఏ సామానూ అక్కర్లేదు, మీ ఒంటి బరువే సామాను."

"అట్లయితె మస్తు సామానున్నది మేడం" అన్న. ఆ నాడే ఆమె నవ్వంగ చూసిన.

పుండు మానిందని డాక్టరు చూసి చెప్పినంక అసలుది నేర్పింది. కుర్చీల కెల్లి చేతులు ఆనిచ్చకుంట లేసుడు, కూసునుడు. గోడకు ఎదురుంగ నిలవడి రెండు చేతులతోని గోడను నూకుడు. మెట్టు ఎక్కుడు, దిగుడు. ఉన్నకాన్నే మోకాళ్ళు లేపుకుంట నడుసుడు. మునివేళ్ళ మీద లేసుడు. ఒకదానెనక ఒకటి, నడుమ ఆగకుంట. ఆఖర్ల జర దమ్ము తీసుకొని మల్ల మొదటి కాన్నుంచి. దీన్ని సర్క్యూట్ అంటరట. మాకు సర్క్యూట్ అంటె కరెంటుదే ఎరుక, అందుకే నేను రౌండు అన్న.

మెట్టు కాడ మా ఇద్దరికి కొట్లాటయింది. క్వార్టర్ల మెట్టేడిది? "గుమ్మం ఉందిగా, దాని మీద ఎక్కి దిగండి" అన్నది. "గడప తొక్కమంటవా మేడం! లచ్చిందేవి ఉంటది. దినాం తొక్కితె షుగరు పోతదో పోదో గని ఇంట్లకెల్లి ఆమె పోతది." మేడం నెత్తి పట్టుకున్నది. ఆఖరికి పెరట్ల బట్టలుతికే బండ ఖరారయింది. చెప్పులేసుకొనే చెయ్యాలె, అయినంక కాళ్ళు రెండు అద్దంల చూసుకోవాలె అని నాతోని ఒట్టేపిచ్చుకున్నది.

మొదటి దినం ఒక్క రౌండు తిరుగలే. కుర్చీల కెల్లి లేస్తాంటె మోకాళ్ళు వణికినయ్, కూసుంటాంటె దబ్బున వడ్డ. బండలు మోసిన ఒళ్ళిది, నా పెయ్యిని నేను లేపుకోలేకపోవుడేంది? కోపమొచ్చింది. ఆ కోపంతోనే మల్ల లేసిన. పెరడుకు గోడ నా నడుము దాంకనే. పక్క క్వార్టరు శంకరమ్మ చూసి లైనంత వినవడేటట్టు, "లచ్చక్క గుంజీలు తీస్తాంది, ఏం తప్పు చేసిందో!" అని ఒర్రింది. ఆడోళ్ళందరు బయటికి ఉరికిండ్రు. నేను ఆగలే. "తీసేదాన్ని తీస్తున్న, లెక్కవెట్టేటోళ్ళు లెక్కవెట్టుండ్రి!" అన్న. కొందరు నిజంగనే లెక్కవెట్టిండ్రు. సిగ్గువడితె కాలు పోతది, సిగ్గిడిస్తె కాలుంటది. నాకు బేరం సాఫ్‌గ కనవడ్డది.

ఒక్క ముచ్చట పైలంగ ఇనుండ్రి. డ్యూటీకి ఆలస్యమయితాందని ఓ పొద్దు గోలీ ఏసుకున్న, తినుడు మరిచిన, రౌండ్లు మొదలువెట్టిన. బండ మీదున్నప్పుడే చెమటలు కారినయ్. చేతులు వణుకుడు, కండ్లకు చీకట్లు. రమేష్ ఉరికొచ్చి పట్టుకున్నడు. మేడం ముందుగాల్నే వానికి చెప్పి ఉంచింది. డబ్బల మిగిలిన బెల్లం నలుగగొట్టి నా నోట్ల వెట్టిండు. బెల్లానికి సుత ఓ దినం వచ్చింది చూడుండ్రి. నాకు సోయి సక్కగ వచ్చేవరకు వాడు నా చెయ్యి ఇడువలే. "అమ్మా, నువ్వు పోతవేమో అనుకున్న" అని చిన్నపిలగాని లెక్క ఏడ్సిండు. ఎన్క ఏం జరిగినా, వాని ఆ ఏడుపు నేను మరువలే. గోలీ ఏసుకొని ఖాళీ కడుపుతోని మాత్రం చెయ్యకుండ్రి. నోట్ల ఏసుకోనికి తీపి దగ్గర ఉంచుకోండ్రి.

మరుసటేడు, సమ్మె నెల

కాలు మానినంక ఆఫీసుల ఊడ్సే లైట్ డ్యూటీ ఇచ్చిండ్రు. బోర్డు చూసి ఏందో తేల్చేదాంక గదే. పిలుపు రాకముందే తెలంగాణ సమ్మె వడ్డది. బాయిలు బంద్, బెల్టు బంద్. అందరం రోడ్డు మీద టెంటేసుకొని కూసున్నం. అక్కడ్నే వంట, అక్కడ్నే తిండి, గంటకోపారి చాయ్. నా రౌండ్లు తప్పుతున్నయని నాకు గులగుల.

మూడో నాడు లేసి నిలవడ్డ. "ఊకె కూసుంటె తెలంగాణ వస్తదో రాదో గని షుగరయితె జల్ది వస్తది. లేవుండ్రి!" అన్న. నవ్విండ్రు గని ఆడోళ్ళు కొందరు లేసిండ్రు. కుర్చీలు ఉన్నయి గద. "జై" అన్నప్పుడు లేసుడు, "తెలంగాణ" అన్నప్పుడు కూసునుడు అని చెప్పిన. శంకరమ్మ అడ్డం తిరిగింది. "తెలంగాణ అన్నప్పుడు కూసుంటమా? సిగ్గులేదా? ఉల్టా చెయ్యాలె!" నిజమే అనిపిచ్చింది. జై అని కూసున్నం, తెలంగాణ అని లేసినం. మొగోళ్ళు సుత కలిసిండ్రు. తిరుపతి దూరంగ నిలవడి చూసిండు, కలువలే. వాని బాధ నాకు తెలుసు. బోర్డు ముందట పెట్టవలసిన రోగం రోడ్డు మీద గుంజీలు తీస్తాంది.

అదే తొవ్వల ఫిజియో మేడం స్కూటీ మీద పోతాంది. టెంటు చూసి భయంతోని మొఖం దాసుకున్నది. ఆంధ్రామెనని ఎవలన్న ఏమన్న అంటరని ఆమె బుగులు. నేనే అడ్డం వోయిన. "మేడం, జర చూడుండ్రి, సక్కగ చేస్తున్నమా?" ఆమె స్కూటీ దిగింది. "వీపు వంచొద్దు, నిటారుగా లేవండి" అన్నది సన్నగ. చాయ్ ఇచ్చినం, చక్కెర లేకుంట. ఎవ్వలు ఏమనలే. కొద్ది దినాలకు ఆమెకు బదిలీ అయింది. పొయ్యేటప్పుడు నా చేతులు పట్టుకొని, "మానొద్దు లక్ష్మిగారూ" అన్నది. మానలే మేడం. మీరు యాడున్నా ఇది చదివితె, మానలే.

సమ్మె అయినంక చలికాలం

బోర్డు పిలుపొచ్చింది. తిరుపతి ఆ మాపే వచ్చిండు, అచ్చుబెల్లం పట్టుకొని. వంటింట్ల పీట మీద వెట్టి, "అక్కా, ఇగ మొండి ఇడువు. ఈ వారం గోలీలు బంద్ వెయ్. ఇది గట్టిగ తిను. బోర్డుల జర కుంటు. మిగిలింది దేవుడు చూసుకుంటడు" అన్నడు.

నేను తిరుపతి దిక్కు చూడలే. రమేష్ దిక్కు చూసిన. నోట్ల బెల్లం వెట్టి పానం నిలవెట్టినోడు వీడే. "నువ్వేమంటవ్ రా?"

వాడు నెత్తి దించుకున్నడు. "ఒక్క వారమే గదమ్మా" అన్నడు.

వాన్ని తిట్టలే. వాని వయసుకు ఆటో తప్ప ఏముంది? నచ్చిన పిల్ల చెయ్యిజారి పోతాంది. నా కొడుకు చెడ్డోడు కాదు. మా కాలనీల అమ్మ రోగం కొడుక్కు నౌకరి, అది చూసుకుంటనే పెరిగిండు. గని నా కాలు నాది. బెల్లం తీసి తిరుపతి చేతిల వెట్టిన. "తీస్కపో. మీ ఇంట్ల పరమాన్నం వండుకోండ్రి" అన్న. ఆ వారం గోలి ఒక్కటి తప్పలే, రౌండు ఒక్కటి తప్పలే.

బోర్డు శాన దూరం, బస్సుల పోవాలె. రమేష్ ఎంబడి వచ్చిండు. ఆ దవాఖాన వరండ చూస్తె మీకు నవ్వు రావాలె, ఏడుపు రావాలె. నిజంగ రోగమున్నోళ్ళు మూలకు ఒదిగి కూసున్నరు. రోగం తక్కువున్నోళ్ళు కుంటుడు ప్రాక్టీస్ చేస్తున్నరు. ఒకాయన చాయ్ కాడికి మంచిగ నడిసొచ్చి, వరండ మెట్టెక్కంగనే కట్టె పట్టుకొని మూల్గుడు మొదలువెట్టిండు. అంతమందిల ఫిట్ కావాలని వచ్చింది నేనొక్కదాన్నే.

లోపల ముగ్గురు డాక్టర్లు. పెద్దాయన కాయిదాలు తిప్పుకుంట, "ఏమ్మా, ఏం తక్లీఫ్?" అన్నడు.

"తక్లీఫ్ లేదు సార్. షుగరున్నది, గోలీ ఏసుకుంటున్న. కాలు కాలింది, మానింది. నాకు నా డ్యూటీ గావాలె."

ఆయన కండ్లద్దాలు తీసిండు. "డ్యూటీ కావాలా? కొడుకు లేడా?"

"ఉన్నడు సార్, బయట కూసున్నడు. నేను సుత ఉన్న గద?"

స్టూలు మీద కూసున్నదాన్ని చేతులు కట్టుకొని లేసిన, కూసున్న, లేసిన. ఆయన చాలమ్మా అనేదాంక ఆగలే. కాళ్ళు చూసిండ్రు, రక్తం కాయిదం చూసిండ్రు. నెత్తురుల షుగరు సక్కగనే ఉన్నది. కాళ్ళకు స్పర్శ సగమే, అది మల్ల రాదన్నరు. నిప్పుల కాడ వద్దు, గట్టి బూట్లేసుకోవాలె, ఫిట్ అని రాసిండ్రు.

బయటికొచ్చి రమేష్‌కు చెప్పిన. తలకాయ ఊపిండు. బస్సుల కిటికీ దిక్కు చూసుకుంట కూసున్నడు. ఇల్లు చేరినంక బట్టలు సంచిల కుక్కుకొని, శ్రీరాంపూర్ల దోస్తు అర్రకు వోయిండు. తలుపుకాడ గల్మల నిలవడి, "ఎవలన్న తల్లి కొడుక్కు అడ్డముంటదా?" అన్నడు.

ఆ ఆయితారం నేను దావత్ ఇచ్చిన. ఫిట్టయినందుకు దావత్. యాట కోపిచ్చిన, జొన్నరొట్టెలు చేసిన. తీపి మాత్రం లేదు. "దేనికి దావత్ లచ్చక్కా, బోర్డు నిన్ను అన్‌ఫిట్ చెయ్యలేదట గద?" అని అడిగిండ్రు. "పనికిరాకపోతె ఇచ్చేటోళ్ళు ఉన్నరు, పనికొచ్చినందుకు నేనిస్తున్న. తింటె తినుండ్రి, లేకపోతె పొండ్రి" అన్న. కొందరు నవ్వుకుంట తిన్నరు, కొందరు చెవులు కొరుక్కున్నరు. తిరుపతి రాలే. కొమురయ్య బావ కట్టె పట్టుకొని వచ్చిండు. తిన్నంక చెయ్యి కడుక్కుంట, "నా దావత్ నాడు నాకు ముద్ద మింగవడలే లచ్చిమీ, ఎవలకు చెప్పలే" అన్నడు. రమేష్ కోసం కంచం తీసి ఉంచిన. రాలే.

రాష్ట్రం వచ్చిన నాడు

వాడు పండుగకో పబ్బానికో వస్తుండె, గల్మకాన్నే నిలవడి పోతుండె. ఆ పిల్లకు వేరే సంబంధమయింది. ఇంకో పిల్లతోని వాని పెండ్లయింది, స్కూలు వ్యాను నడుపుడు వట్టిండు. నేను డ్యూటీ చేస్తనే ఉన్న, రౌండ్లు తీస్తనే ఉన్న.

తెలంగాణ వచ్చిన నాడు పొద్దుగాల మా లైనంత రంగులు, డప్పులు. ఎవ్వల నోరు చూసినా మిఠాయే. నేను పెరట్ల బండ మీద ఉన్న. ఎనక సప్పుడయితె తిరిగి చూసిన. రమేష్. చేతిల జిలేబీ పొట్లం.

"తీస్కోమ్మా, తెలంగాణ వచ్చింది" అన్నడు. అంతలనే నాలిక కర్సుకున్నడు. "యాదిమరిచిన. నువ్వు తినవు గద."

"నువ్వు తిను."

వాడు పొట్లం ఇప్పలే. బండ మీద కూసున్నడు. డప్పుల సప్పుడు దగ్గరికొచ్చి దూరం వోయింది.

"వ్యాను నడిపేటోళ్ళందరికి స్కూలోళ్ళు పరీక్షలు చేపిచ్చిండ్రమ్మా" అన్నడు. "నాకు సుత షుగరొచ్చిందట."

నౌకరి అడిగితె ఇయ్యలే. అడుగని రోగం ఇచ్చిన. వాని నెత్తి నా కడుపుకు ఆనిచ్చుకొని ఏడ్సిన, దాసుకోకుంట ఏడ్సిన. వాడు సుత ఏడ్సిండు. ఎంతసేపో తెల్వది. కొంగుతోని వాని మొఖం తుడిసిన, నాది తుడుసుకున్న. డాక్టరు ఏమన్నడు, గోలీలు రాసిండా, గుండె చూసిండా అని అన్ని అడిగిన. నడువుమన్నడట, కసరత్తు చెయ్యొచ్చన్నడట.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"ఇడ్లి తిన్న."

"అయితె లే."

"ఇప్పుడా? పండుగ పూట?"

"ఇంకెప్పుడు? ఇంట్లకెల్లి కుర్చి తే. గోడకు ఆనిచ్చు, జరుగకుంట."

తెచ్చిండు. కూసున్నడు. చేతులు కట్టుకొమ్మన్న. లేసిండు, కూసున్నడు, మల్ల లేసిండు. నాలుగైదుపార్లకే మొఖం కందింది. అవుతలి గోడకాడ శంకరమ్మ నిలవడి చూస్తాంది, ఈపారి ఒర్రలే.

"అమ్మా, మోకాళ్ళు వణుకుతున్నయ్" అన్నడు.

"వణుకుతయ్" అన్న. "లే."